గుక్క తిప్పుకోకుండా ఇరవై నిమిషాలు: ఎవాన్ పార్కర్ సాక్సోఫోన్ ఎలా వినాలి?

పాత టేపు (శనివారం, రాత్రి 10:50)

పోయిన వారం మా ఫ్రెండొకడు ఒక ఆల్బమ్ పంపి, ఒక్క మనిషి, ఒక్క వాద్యం, మధ్యలో ఆపకుండా విను అన్నాడు. ఎవాన్ పార్కర్ అనే ఇంగ్లండ్ ఆయన, సొప్రానో సాక్సోఫోన్ (చిన్నది, సన్నటి గొంతుది), ఆల్బమ్ పేరు ద స్నేక్ డిసైడ్స్, 1986లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక చర్చిలో రికార్డయింది. ముందే రాసుకున్నదేం లేదు, అంతా అప్పటికప్పుడు వాయించింది, ఫ్రీ ఇంప్రవైజేషన్ అంటారట. మొదటి ట్రాకే దాదాపు ఇరవై నిమిషాలు. హెడ్‌ఫోన్స్ కనపడక స్పీకర్‌లో పెట్టాను, రెండో నిమిషంలో మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి "ఏంటది, మిక్సీ ఏమన్నా కాలిపోతోందా?" అంది. నిజం చెప్పాలంటే నాకూ మొదట అలాగే ఉంది. పాట లేదు, తాళం లేదు, ఆగడం అసలే లేదు. కానీ ఏడెనిమిది నిమిషాలయ్యాక ఏదో జరిగింది. కింద ఒక గొంతు, పైన ఒక గొంతు, మధ్యలో ఇంకేదో గలగలా పారుతున్నట్టు, ఉన్నది ఒక్కడే అని తెలిసి కూడా ముగ్గురు వాయిస్తున్నారేమో అనిపించింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ విన్నాను. మళ్ళీ అలాగే.

నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. ఇళయరాజా, బాలమురళి, కాస్త జాజ్, అంతే. ఇందులో వినాల్సిందేంటి? ఈయన ఎవర్ని విని ఇలా తయారయ్యాడు? తెలిసినవాళ్ళు చెప్పండి. వికీపీడియా చదువుకో అనకండి, చదివాను.

నసుగుడు నాని (రాత్రి 11:04)

చదివావుగా, ఇంకేం. నాకైతే తేనెతుట్టెలో మైకు పెట్టినట్టుంది. ఎనిమిది నిమిషాలు విన్నావంటే నీ ఓపికకి దండం బాసూ.

రీడ్ నంబర్ మూడు (రాత్రి 11:31)

నేను ఆల్టో సాక్సోఫోన్ వాయిస్తాను (సొప్రానో కంటే పెద్దది), పెద్ద విద్వాంసుణ్ణేం కాదు, ఆదివారం వాయిద్యగాణ్ణి. అందుకని ఆ చప్పుడు ఎలా వస్తుందో మాత్రం చెప్పగలను.

మొదట ఆగకపోవడం సంగతి. బుగ్గల్లో కొంచెం గాలి దాచుకుని, ఆ గాలిని బుగ్గలతోనే బయటికి నొక్కుతూ, అదే క్షణంలో ముక్కుతో లోపలికి పీల్చాలి. గ్లాసులో నీళ్ళు పోసి స్ట్రాతో బుడగలు ఊదుతూ, బుడగలు ఆగకుండా ముక్కుతో గాలి పీలుస్తారు, నేర్చుకునేవాళ్ళందరూ అక్కడే మొదలుపెడతారు. చెప్పడానికి ఒక వాక్యం, రావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది, వచ్చాక కూడా టెన్షన్‌లో పోతుంది. సొప్రానోకి గాలి తక్కువ చాలు కాబట్టి టెనర్ (ఆల్టో కంటే కూడా పెద్ద సాక్సోఫోన్) మీద కంటే దాని మీద కొంత సులువు. పార్కర్ రెండూ వాయిస్తాడు, కానీ ఈ ఆగని సోలోలు ఎక్కువగా సొప్రానో మీదే.

రెండోది, మీకు వినిపించిన ఆ ముగ్గురు. మామూలుగా సాక్సోఫోన్ మీద ఒక స్వరానికి పైనుంచి వరసగా రంధ్రాలు మూస్తూ వస్తాం. మధ్యలో ఒకటి తెరిచి కిందవి మూసేస్తే గొట్టానికి తన పొడవు ఎంతో తనకే తెలియనట్టు, ఒకేసారి రెండు మూడు స్వరాలు పలుకుతుంది. వాటిలో ఏది పైకి తేలాలి అన్నది పెదవి, గొంతు, గాలి ఒత్తిడి చూసుకుంటాయి. దీని మీద ఇంకో పని చేస్తాడాయన. ఎడమ చేతి వేళ్ళు ఒక వరుస తిప్పుతుంటాయి, కుడి చేతివి ఇంకో వరుస, రెండింటి పొడవులు వేరు. ఒకటి ఐదుకీ ఇంకోటి ఏడుకీ మొదటికొస్తే రెండూ మళ్ళీ కలిసేసరికి ముప్పై అయిదు మెట్లు కావాలి కదా (అంకెలు నేను ఉదాహరణకి చెప్పినవి). ఆ పైన నాలుక ఇంకో వేగంలో కొడుతుంది. ఇంత వేగంగా కింది స్వరం, పై స్వరం మారి మారి వస్తుంటే మన చెవి వాటిని రెండు దారాలుగా విడదీసి వింటుంది. కాబట్టి మీరు విన్నది భ్రమే, కానీ ఆయన కావాలని పుట్టించిన భ్రమ. మిక్సీ కాదని ఇంట్లో చెప్పండి.

మంద్రస్థాయి (ఆదివారం, ఉదయం 6:15)

సాంకేతికంగా గొప్పే, కాదనను. నేను పద్దెనిమిదేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను, నా ఇబ్బంది వేరే. మనకీ మనోధర్మం ఉంది. ఆలాపన, తానం, నెరవు, స్వరకల్పన, ఇవన్నీ అప్పటికప్పుడు పుట్టేవే. కానీ తోడిలో గాంధారం ఎలా పలకాలో పాడేవాడికీ తెలుసు, ముందు వరసలో కూర్చున్న తాతగారికీ తెలుసు. కాస్త తేడా వస్తే ఆ తాతగారి తల ఊగడం ఆగిపోతుంది. మరి ఇక్కడ తప్పు వాయించాడని ఎవరికి, ఎలా తెలుస్తుంది? తప్పుకి చోటే లేని దగ్గర ఒప్పు ఎలా ఉంటుంది?

అవధానినే తీసుకోండి. ఆశువుగానే చెప్తాడు, కానీ ఉత్పలమాలలో చెప్తాడు. యతి తప్పితే సభ మొత్తం పట్టుకుంటుంది. ఛందస్సే లేకుండా "నేను స్వేచ్ఛగా ఆశువు చెప్తాను" అంటే మనం వింటామా?

నసుగుడు నాని (ఉదయం 8:40)

వచన కవిత్వం అంటారు గురువుగారూ, చాలామందే వింటున్నారు 😀

బోస్టన్ చలి (ఉదయం 9:22)

నానీ, ఈ ఒక్కటి మాత్రం బాగా పేల్చావు.

పాత టేపు గారడిగిన రెండో ప్రశ్నకి వస్తాను, నాకు తెలిసినంతలో. పార్కర్ 1944లో బ్రిస్టల్‌లో పుట్టాడు. కుర్రతనంలో ఆయనకి నచ్చింది పాల్ డెస్మండ్ అంటే నమ్మరు. టేక్ ఫైవ్‌లో ఆ మెత్తటి ఆల్టో, పాలమీగడలా ఉంటుందే, ఆయన. తర్వాత జాన్ కోల్ట్రేన్, అమెరికా జాజ్ సాక్సోఫోన్ దిగ్గజం. వాళ్ళ నాన్న విమానాల కంపెనీలో పని చేసేవాడు కాబట్టి కుర్రాడు 1962లో న్యూయార్క్ వెళ్ళొచ్చాడు, అక్కడ సెసిల్ టేలర్ ట్రియోని విన్నాడు, పియానో, జిమ్మీ లయన్స్ ఆల్టో, సనీ మరే డ్రమ్స్. బాస్ లేదు, గంట కొట్టినట్టు నడిచే తాళం లేదు. అప్పటికి చదువుతున్నది బర్మింగ్‌హమ్‌లో వృక్షశాస్త్రం. చదువు మధ్యలో వదిలేసి 1966లో లండన్ చేరాడు.

నా ఉద్దేశంలో అసలు చిక్కు కోల్ట్రేన్‌తోనే వచ్చింది. 1960 తర్వాత సాక్సోఫోన్ పట్టిన ప్రతివాడి మీదా ఆయన నీడ పడింది, మన దగ్గర ఘంటసాల తర్వాత పద్యం పాడినవాళ్ళందరి మీదా పడినట్టు. ఆ గమకం, ఆ విరుపు అనుకరించడం ఒక దారి. వేలమంది చేశారు, బార్లలో ఇప్పటికీ చేస్తున్నారు. పార్కర్ ఆ గొంతుని వదిలేసి, కోల్ట్రేన్ మొహం ఏ దిక్కుకి తిరిగి ఉందో చూసుకుని అటు నడిచాడు. కోల్ట్రేన్ స్వరాలు గుమ్మరించినట్టు వాయించేవాడు, వేగం పెరిగి పెరిగి విడి స్వరాలు కరిగి ఒక పొరలా అయిపోయేది. 1967లో చనిపోయేనాటికి డ్రమ్స్ ఒక్కటే తోడు పెట్టుకుని వాయించేదాకా వచ్చాడు. ఆ తోడు కూడా తీసేసి, ఆ పొర లోపలికి దిగి చూస్తే ఏముంటుంది? 1975లో చేసిన పార్కర్ మొదటి సోలో రికార్డు నాకు ఈ ప్రశ్నలాగే వినిపిస్తుంది.

బోస్టన్ చలి (ఉదయం 9:41)

ఇంకోటి మర్చిపోయాను. ఒంటరిగా సాక్సోఫోన్ వాయించడం ఈయన కనిపెట్టింది కాదు. కోల్మన్ హాకిన్స్ 1948లోనే పికాసో అని ఒక చిన్న ముక్క తోడు లేకుండా వాయించాడు. షికాగో నుంచి ఆంథొనీ బ్రాక్స్టన్ 1969లో ఒట్టి ఆల్టోతో రెండు ఎల్పీల ఆల్బమే చేశాడు, ఫర్ ఆల్టో, అది 1971లో గానీ బయటికి రాలేదు. ఆయనకి కూడా డెస్మండ్ అంటే ప్రాణం! స్టీవ్ లేసీ 1972లో ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో సొప్రానోతో ఒంటరి కచేరీ చేశాడు. కోల్ట్రేన్ చేతికి సొప్రానో రావడానికి ఈ లేసీని వినడమే కారణమంటారు. లేసీ దారి పూర్తిగా వేరు, ఒక్కో స్వరాన్నీ ఇటుకలా పెట్టి, చుట్టూ తిరిగి చూసి, రెండోది పెడతాడు. మీకు పార్కర్ ఊపిరాడనివ్వకపోతే లేసీతో మొదలుపెట్టండి.

మంద్రస్థాయి (ఉదయం 10:30)

చరిత్ర బాగుంది బోస్టన్ గారూ. నా ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు. తప్పు ఎక్కడ?

రీడ్ నంబర్ మూడు (మధ్యాహ్నం 1:10)

అవధానం అన్నారు కదా, రాత్రి నుంచి అదే నా బుర్రలో తిరుగుతోంది, భోజనం చేస్తూ కూడా అదే. మీరు ఛందస్సు దగ్గర ఆగారు. నేను నిషిద్ధాక్షరి దగ్గరికి వెళ్తాను.

అవధాని ఒక అక్షరం చెప్పగానే పృచ్ఛకుడు తర్వాత ఏ అక్షరం వస్తుందో ఊహించి, అది వద్దంటాడు. అవధాని పక్కకి తప్పుకుని ఇంకో అక్షరం వేస్తాడు. అది కూడా వద్దంటే మళ్ళీ పక్కకి. అరవయ్యో దశకం లండన్‌లో పార్కర్, ఆయన తోటివాళ్ళు ఆడింది ఆ ఆటే. జాన్ స్టీవెన్స్ అనే డ్రమ్మర్ లిటిల్ థియేటర్ క్లబ్ అని ఒక చిన్న చోట 1966 నుంచి వీళ్ళందర్నీ పోగేశాడు. గిటారిస్ట్ డెరెక్ బెయిలీ అక్కడే, పార్కర్ అక్కడే. రాగంలాంటిది పుట్టబోతుంటే వద్దు. తాళం కుదురుకోబోతుంటే వద్దు. జాజ్‌లా వినిపిస్తే వద్దు. బెయిలీ అయితే దీన్ని ఏ బాణీకీ చెందని వాయింపు అనేవాడు. పృచ్ఛకుడు బయట ఎక్కడా లేడు, వాయించేవాడి లోపలే కూర్చుని "అది అందరికీ తెలిసిందేగా, ఇంకోటి చెప్పు" అంటుంటాడు. మనం స్వేచ్ఛ స్వేచ్ఛ అంటున్నాం గానీ నాకు ఇది నిషేధాల సంగీతంలాగే కనపడుతుంది.

అందుకే తప్పు కూడా ఉంది మంద్రస్థాయి గారూ. అలవాటు పడిన వేళ్ళు అలవాటైన చోటికే పోతే అదే తప్పు. నేను ఇంట్లో ఇలా వాయించడానికి ప్రయత్నించాను, రెండు నిమిషాల్లో నా వేళ్ళు నాకు తెలియకుండానే కల్యాణి మెట్ల మీద కూర్చున్నాయి. అంత సిగ్గేసింది. స్టీవెన్స్ పెట్టిన కొలత కూడా ఒకటుంది, పక్కవాడు నీకు వినపడకపోతే నువ్వు మరీ గట్టిగా వాయిస్తున్నట్టు. ఈ కొలతతో ఎంతమంది ఫెయిలవుతారో ఆలోచించండి, మన కచేరీల్లో మృదంగం మైకుతో సహా.

మంద్రస్థాయి (మధ్యాహ్నం 2:05)

మృదంగం మైకు మాట నిజం, దాని మీద విడిగా ఏడుద్దాం.

నిషిద్ధాక్షరి పోలిక బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ మీరు ఒకటి దాటేశారు. నిషిద్ధాక్షరిలో కూడా పద్యం కింద ఛందస్సు నడుస్తూనే ఉంటుంది. పృచ్ఛకుడు అక్షరం లాక్కుంటాడు గానీ గణాన్ని లాక్కోడు. ఇంకోటి, పక్కవాణ్ణి విను అనే నియమం గుంపుకి సరే, ఒంటరిగా వాయించేవాడు ఎవర్ని వింటాడు?

బ్యాండు మేళం వాళ్ళబ్బాయి (రాత్రి 9:18)

ఇక్కడ చాలా ఏళ్ళుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. తప్పులుంటే క్షమించండి.

మా నాన్న పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయించేవారు, తెనాలి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగారు. మీరు అన్న ఆ గుక్క తిప్పుకోకపోవడం కొత్తేం కాదు. నాదస్వరం పక్కన శ్రుతి పట్టే ఒత్తు ఉంటుంది కదా, శ్రుతి పెట్టెలు రాకముందు దాన్ని ఊదే మనిషి పెళ్ళి ముహూర్తం అంతా అదే ఒక్క స్వరం ఊపిరి తెగకుండా పట్టాలి. పాములాడించేవాళ్ళ బూరా అంతే. మా వీధిలో కంసాలి తాత ఉండేవాడు, బంగారం కరిగించేటప్పుడు ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని దీపం మంటని కుంపటి మీదికి సూదిలా వంచేవాడు, ఆ మంట వణక్కూడదు. బుగ్గలు బూరెల్లా ఉబ్బి ఉండేవి, ముక్కుపుటాలు మాత్రం కదిలేవి. నాన్న నన్ను ఆయన ముందు కూర్చోబెట్టి "ముక్కు చూడు, నోరు చూడకు" అనేవారు. నాకు రాలేదు, అది వేరే సంగతి.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఊరేగింపులో పెళ్ళివాళ్ళు అడిగిన సినిమా పాటలే వాయించాలి. కానీ విడిదింటికీ కల్యాణ మండపానికీ మధ్య ఎక్కడో ఊరేగింపు ఆగిపోతుంది, కారు ఇరుక్కుంటుంది, టపాకాయలు కాలుస్తారు. డప్పులు ఆగవు. అప్పుడు ఏ పాటా కాని వాయింపు ఒకటి మొదలయ్యేది. నాన్న పాటలోంచి ఒక ముక్క లాగి, దాన్ని మెలికలు తిప్పి, చివరికి ఒట్టి కీచు కూడా వేసేవారు, ఎదురుగా ఇంటి గోడకి తగిలి తిరిగొచ్చే చప్పుడుకి జవాబిచ్చేవారు. సందు ఇరుకైతే ఒకలా, చెరువు గట్టు మీదైతే ఇంకోలా. ఎవరూ వినేవాళ్ళు కాదు, డబ్బులు దానికి ఇచ్చేవాళ్ళూ కాదు. ఇంటికొచ్చాక మాత్రం "ఇవాళ ఆ మేడ గోడ బాగా పలికింది" అనేవారు. నిన్న రాత్రి ఈ చర్చ చూసి ఆ పాము ఆల్బమ్ విన్నాను. సగంలో ఆపేశాను, నచ్చక కాదు.

పాత టేపు (రాత్రి 9:50)

అన్నా, ఈ ఒక్క పోస్టు కోసమైనా నేను చర్చ మొదలుపెట్టడం మంచిదైంది. నాన్నగారి టేపులేమన్నా ఉన్నాయా?

బ్యాండు మేళం వాళ్ళబ్బాయి (రాత్రి 10:02)

లేవండి. పెళ్ళి వీడియోల్లో బ్యాండు శబ్దం తీసేసి సినిమా పాట అతికిస్తారు కదా.

రీడ్ నంబర్ మూడు (రాత్రి 10:20)

ఒంటరిగా వాయించేవాడు ఎవర్ని వింటాడని మంద్రస్థాయి గారు అడిగారు కదా, దానికి మేడ గోడే జవాబు. ద స్నేక్ డిసైడ్స్ రికార్డు చేసింది మైకేల్ గెర్జన్, గణితం మనిషి, చుట్టూ ఉన్న గది మొత్తాన్ని రికార్డు చేసే యాంబిసోనిక్స్ పద్ధతి వెనక ఉన్నవాడు. అది చర్చి, మోగే గది. పైకి పోయిన స్వరం వెంటనే చావదు, పార్కర్ ఇంకోటి వేసేలోపు అది ఇంకా గాల్లోనే ఉంటుంది. ఆయన దానితో కలిసి వాయిస్తున్నాడు. ఆయనే 1978లో చేసిన మోనోసెరోస్ ఆల్బమ్‌తో పోల్చి వినండి, అది టేపు కూడా లేకుండా నేరుగా డిస్క్ మీదికి కోసిన రికార్డు, గీత పడ్డాక మార్చడానికి లేదు. అక్కడ వాయింపు పొడిగా, పదునుగా, మొహం మీదికే వస్తుంది. మనిషి అదే, వాద్యం అదే, గది మారితే ఆట మారింది.

బోస్టన్ చలి (సోమవారం, ఉదయం 7:35)

బ్యాండు మేళం గారి పోస్టు రెండుసార్లు చదివాను. ఇక్కడ చిన్న చిన్న గదుల్లో ఇలాంటి కచేరీలకి వెళ్తుంటాను, ఇరవై మంది ఉంటే హౌస్‌ఫుల్ అన్నట్టు. అందులో సగం మంది వాయిద్యగాళ్ళే. చెత్త వాయింపు కూడా చాలా విన్నాను, అది దాచకూడదు. అరగంట సేపు కీచులు వేసి, మనం చప్పట్లు కొట్టకపోతే మనకే చెవి లేదన్నట్టు చూసేవాళ్ళు ఉన్నారు. తప్పు లేని ఆట అనే భ్రమలో ఉన్నది వాళ్ళే.

మంద్రస్థాయి గారూ, ఇంకో మాట. యాభై ఏళ్ళు అదే దారిలో నడిచాక పార్కర్‌కి కూడా ఒక బాణీ ఏర్పడిపోయింది, నాకు రెండు సెకన్లలో ఆయనని గుర్తుపట్టడం వచ్చు. ఏ బాణీ వద్దని బయల్దేరిన మనిషికి తన బాణీయే ఛందస్సు అయి కూర్చుంది. ఇది గెలుపో ఓటమో నాకైతే తేలలేదు. బెయిలీ, పార్కర్, టోనీ ఆక్స్‌లీ కలిసి 1970లో ఇంకస్ అని సొంత రికార్డు కంపెనీ పెట్టుకున్నారు, ఆ రోజుల్లో బ్రిటన్‌లో వాయిద్యగాళ్ళు అలా చేయడమే కొత్త. రికార్డు చేయడమంటే అప్పటికప్పుడు పుట్టినదాన్ని మేకు కొట్టి గోడకి తగిలించడమే కదా. ఆ వైరుధ్యం వాళ్ళకి తెలియక కాదు.

మంద్రస్థాయి (ఉదయం 8:10)

నిన్న రాత్రి నేనూ విన్నాను, హెడ్‌ఫోన్స్‌తో, దీపం ఆర్పి. నచ్చిందని చెప్పను. కానీ పన్నెండో నిమిషం దగ్గర కింది స్వరం ఒకటి ఆధార షడ్జంలా నిలబడిపోయింది, నిజంగా ఉందో నేను ఊహించుకున్నానో తెలీదు, దాని మీద మిగతాదంతా తానంలా వినిపించింది. తానానికి కూడా సాహిత్యం ఉండదు, తాళం ఉండదు, లయ మాత్రం ఉంటుంది. ఈ సంగతి నాకు తట్టాల్సింది, తట్టలేదు.

సాక్సోఫోన్ అంటే నాకు కద్రి గోపాలనాథ్ గారే. మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఆ వాద్యం విని పట్టుబట్టి, కీలు నొక్కితే మెట్టుమెట్టుగా పలికేదాన్ని గమకానికి లొంగదీశారు. మనకి కావలసిన పని ఆ వాద్యం చేత చేయించారు. పార్కర్ అందుకు ఎదురు, వాద్యంలో ఏమేముందో అడిగి అదే బయట పెడుతున్నాడు. నా ఓటు ఇప్పటికీ కద్రి గారికే.

రీడ్ నంబర్ మూడు (ఉదయం 8:32)

ఓటు మీ ఇష్టం. ఇద్దరూ ఆ కీచుపిట్ట మీద ఎన్ని వేల గంటలు కూర్చున్నారో అది మాత్రం వాయించేవాడికే తెలుస్తుంది.

నసుగుడు నాని (ఉదయం 11:15)

నేనూ విన్నా. ఐదు నిమిషాలు. తేనెటీగలే. కానీ క్రమశిక్షణ ఉన్న తేనెటీగలు.

పాత టేపు (గురువారం, రాత్రి 9:30)

అప్‌డేట్. స్ట్రా, గ్లాసు, నీళ్ళు. మూడు రోజుల నుంచి రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ దగ్గర ఇదే పని. మొదటి రోజు ముక్కుతో పీల్చగానే నీళ్ళు ముక్కులోకే వచ్చాయి. రెండో రోజు బుగ్గలు నొప్పి. ఇవాళ సన్న స్ట్రాకి మారాను, మా అమ్మాయి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. పంతొమ్మిది సెకన్లు, మధ్యలో ఒక్కసారి పీల్చాను, బుడగలు సన్నబడ్డాయి గానీ తెగలేదు. అది "మోసం, తెగింది" అంటుంది, నేను తెగలేదంటాను. మా ఆవిడని తీర్పు చెప్పమంటే గ్లాసు ఇచ్చేయ్, కడగాలి అంది.